పెద్దాయన సందేశం బడికొచ్చింది, గొడవ కాకుండా పిల్లలకు వినిపించడం ఎలా?

రాత్రి తొమ్మిది దాటాక మండలం హెచ్.ఎం.ల (హెడ్మాస్టర్ల) వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. రేపు ఉదయం 11 గంటలకు పెద్దాయన పిల్లలతో మాట్లాడతారు, అన్ని స్కూళ్లలో తప్పనిసరిగా లైవ్ చూపించాలి, ఫొటోలు పెట్టాలి, ఎంతమంది చూశారో ప్రొఫార్మా నింపి సాయంత్రం నాలుగింటికల్లా పంపాలి. పెద్దాయన ఎవరన్నది మారుతుంది, ఒకసారి ప్రధాని, ఒకసారి ముఖ్యమంత్రి, ఒకసారి గవర్నర్. మెసేజ్ మాత్రం ఎప్పుడూ ఇదే. కాసేపటికి అది స్క్రీన్‌షాట్ అయి ఊరి గ్రూపులో తేలుతుంది, కింద ఎవరో ఒకరు "బడిల గూడ పార్టీ ప్రచారమేనా?" అని మొదలుపెడతారు, ఇంకొకరు "మీ సారు వచ్చినప్పుడు గుర్తుకు రాలేదా?" అంటారు, ఇక తెల్లారేదాకా నడుస్తుంది. పొద్దున ప్రేయర్ బెల్ కొట్టేసరికి గేటు దగ్గర ఇద్దరు నిలబడి ఉంటారు.

నేను నల్లగొండ జిల్లాలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇక్కడ, పక్కనే పాలమూరులో కూడా, రాజకీయం ఇంటింటికీ ఉంటుంది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసిన జిల్లా ఇది, 2022 మునుగోడు ఉప ఎన్నిక చూసిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆరో తరగతి పిలగాడికి కూడా వాళ్లింట్లో ఏ పార్టీయో, పక్కింట్లో ఏ పార్టీయో తెలుసు. కాబట్టి "పిల్లలకేం తెలుసులే" అని తోసేస్తే కుదరదు. చూపించొద్దు అని నేను అనడం లేదు. "బాగా చదువుకోండి, భయపడకండి" అని ఒక పెద్ద పదవిలో ఉన్న మనిషి చెబితే వినడంలో తప్పేముంది? వినిపించే పద్ధతి ఒకటుంది, అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందు గొడవ ఎక్కడ పుడుతుందో చూడండి

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. అమెరికాలో 1991 అక్టోబర్ 1న అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ (పెద్ద బుష్) వాషింగ్టన్‌లో ఒక స్కూలుకెళ్లి, టీవీలో దేశంలోని పిల్లలందరితో మాట్లాడారు. బాగా చదవండి అనే చెప్పారు. ప్రతిపక్షంలో ఉన్న డెమోక్రాట్లు దీన్ని పట్టుకున్నారు, విద్యాశాఖ డబ్బుతో అధ్యక్షుడికి పబ్లిసిటీ చేస్తారా అని. ఆ కార్యక్రమానికి విద్యాశాఖ పెట్టిన ఖర్చు 26,750 డాలర్లు. ప్రభుత్వ లెక్కలు చూసే సంస్థ విచారణ చేసి చట్టవిరుద్ధం ఏమీ లేదని తేల్చింది.

దాదాపు పద్దెనిమిదేళ్లకు సీను తిరగబడింది. 2009 సెప్టెంబర్ 8న వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో వేక్‌ఫీల్డ్ హైస్కూల్ నుంచి ఒబామా మాట్లాడారు. ఈసారి అరిచింది రిపబ్లికన్లు. ఫ్లోరిడాలో ఆ పార్టీ అధ్యక్షుడు, పన్ను కట్టేవాళ్ల డబ్బుతో పిల్లలకు సోషలిస్టు సిద్ధాంతం ఎక్కిస్తున్నారన్నాడు. కొన్నిచోట్ల లైవ్ చూపించబోమన్నారు, కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆ రోజు బడికి పంపలేదు. తీరా ప్రసంగంలో ఉన్నదేంటి? చిన్నప్పుడు ఇండోనేషియాలో ఉన్నప్పుడు అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి పాఠాలు చెప్పేదని, తను సణిగితే "నాకు మాత్రం సరదానా" అనేదని, హోంవర్క్ చేయండి, చేతులు కడుక్కోండి, జ్వరమొస్తే బడికి రాకండి అని (అప్పుడు స్వైన్ ఫ్లూ నడుస్తోంది). ముందురోజే ప్రసంగం మొత్తం బయటపెట్టేశారు. అది చదివాక ఆ ఫ్లోరిడా నాయకుడే, బాగానే ఉంది, మా పిల్లల్ని కూడా చూడనిస్తా అన్నాడు.

మరి అంత రచ్చ దేనికి? ప్రసంగంతోపాటు టీచర్ల కోసం విద్యాశాఖ ఒక కాగితం పంపింది. అందులో ఒక పని ఉంది: అధ్యక్షుడికి సాయం చేయడానికి తామేం చేయగలరో పిల్లలు తమకు తాము ఉత్తరం రాసుకోవాలి. గొడవంతా ఈ ఒక్క లైను చుట్టూ తిరిగింది. తర్వాత దాన్ని, చదువులో మీ లక్ష్యాలు ఎలా సాధిస్తారో రాసుకోండి అని మార్చారు. తమాషా ఏంటంటే, 1991లో బుష్ కూడా మన లక్ష్యాలు సాధించడానికి మీరెలా సాయపడతారో నాకు ఉత్తరం రాయండి అనే పిల్లల్ని అడిగారు. అప్పుడు ఒకరికి తప్పుగా కనిపించింది ఇంకొకరికి ఒప్పు, తర్వాత అటూ ఇటూ మారింది.

మన దగ్గర 2014 సెప్టెంబర్ 5, టీచర్స్ డే. ప్రధాని మోదీ ఢిల్లీ మానెక్‌షా ఆడిటోరియం నుంచి పిల్లలతో మాట్లాడారు, దేశమంతా చూపించారు. తెలంగాణ వచ్చి అప్పటికి మూడు నెలలు. అప్పుడూ వివాదం ప్రసంగం మీద కాదు. స్కూళ్లు ఏర్పాట్లు చేయాలని, రిపోర్టు పంపాలని వెళ్లిన సర్క్యులర్ల మీద. బలవంతమా అని ప్రతిపక్షాలు అడిగాయి, బెంగాల్ ప్రభుత్వం కుదరదంది, అప్పటి విద్యాశాఖ మంత్రి స్మృతి ఇరానీ ఇది స్వచ్ఛందమే అని చెప్పాల్సి వచ్చింది. ఆ టీచర్స్ డే సందర్భంగా వాడిన "గురు ఉత్సవ్" అనే పేరు మీద తమిళనాడులో ఇంకో గొడవ. ప్రోగ్రాంలో మాత్రం మణిపూర్ పిలగాడు ఒకడు నేను ప్రధాని ఎలా కావాలి అని అడిగితే, 2024 ఎన్నికలకు తయారవ్వు, అంటే అప్పటిదాకా నాకు ప్రమాదం లేదన్నమాట అని ఆయన నవ్వించారు. జనానికి గుర్తుండాల్సింది అది. గుర్తున్నది సర్క్యులర్.

అంటే నాయకుడు చెప్పే మాట కంటే, దానికి ముందు వచ్చే ఆర్డరు, తర్వాత పిల్లలతో చేయించే పని, ఈ రెండే మంట పెడతాయి. ప్రసంగం మన చేతిలో లేదు. ఈ రెండూ చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి.

ఆర్డరు చేతికి రాగానే

ముందు అది ఆర్డరా, ఫార్వర్డా చూడండి. ఎవరి సంతకం ఉంది, నంబరు, తేదీ ఉన్నాయా? లేకపోతే ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) గారికి ఫోన్ చేసి "సార్, కాపీ పంపండి" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని జంకొద్దు. రేపు గేటు దగ్గర మీరు చూపించాల్సిన మొదటి కాగితం అదే. శాఖ నుంచి వచ్చిందా, పార్టీ ఆఫీసు నుంచి వచ్చిందా అన్నది రెండో సంగతి. లోకల్ లీడర్ పీఏ ఫోన్ చేసి "సార్ వీడియో పంపిన, కొంచెం పిల్లలకు చూపియ్యరాదు" అంటే అది ఆర్డరు కాదు. నవ్వుతూనే "శాఖ నుంచి రానియ్యండన్నా, తప్పకుండా చూపిస్తం" అనేయండి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల డ్యూటీలు తప్ప టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు వాడకూడదు. ఆ నంబరు గుర్తుంచుకోండి, లీడర్ పీఏకి చెప్పక్కర్లేదు, మీకు ధైర్యంగా ఉంటుంది.

ఆర్డరులో మాటలు నిదానంగా చదవండి. "చూపించవచ్చు" అని ఉంటుంది, మన గ్రూపులోకి వచ్చేసరికి "తప్పనిసరి" అయిపోతుంది. పై ఆఫీసులో ఒకరు రాసిన దానికి కింద ప్రతి మెట్టు మీదా ఒకరు కాస్త ఉప్పు వేస్తారు. నేను చూసిన ఒక మెసేజ్‌లో వంద శాతం హాజరు అని ఉంది, అసలు లెటర్‌లో ఆ ముక్కే లేదు.

ఎన్నికల కోడ్ ఉందా? సర్పంచ్, ఎంపీటీసీ ఎన్నికలైనా కోడ్ కోడే. ఉంటే మీ అంతట మీరు నిర్ణయం తీసుకోకుండా ఎం.ఈ.ఓ.ను రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్‌లో అడిగినా సరే, జవాబు రాతలో ఉండాలి. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం, పిల్లల్ని ప్రచారంలో ఏ రూపంలోనూ వాడొద్దని పార్టీలకు గట్టిగా చెప్పింది, జై కొట్టించడం, కరపత్రాలు పంచించడం, ర్యాలీలో నడిపించడం ఏదైనా సరే. కోడ్ ఉన్న రోజుల్లో బడి ఆవరణలో నాయకుడి ముఖం పెద్ద తెర మీద వెలిగితే ఫొటో ఎవరు తీస్తారో, ఎక్కడికి పంపుతారో మీకే తెలుసు.

తర్వాత పని, సందేశాన్ని మీరు ముందు చదవడం లేదా వినడం. లైవ్ అయితే ముందు దొరకదు. దొరకనప్పుడు నా సలహా, లైవ్ కోసం ఆరాటపడకండి, ఆర్డరు ఒప్పుకుంటే మర్నాడు రికార్డు చూపించండి. కరెంటు పోదు, నెట్ ఆగదు, ఏముందో మీకు తెలిసి ఉంటుంది. వినేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. మాట పిల్లల పని గురించి ఉందా, నాయకుడి పనుల గురించి ఉందా? పథకాల పేర్లు, ఎదుటి పార్టీ ప్రస్తావన ఎంత? చివర్లో పిల్లల్ని ఏం చేయమంటున్నారు? ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు చదువు గురించి ఉండి, ఐదు నిమిషాలు మా ప్రభుత్వం ఇది చేసింది అని ఉంటే అదేం పెద్ద విషయం కాదు, నాయకులన్నాక ఆ మాత్రం ఉంటుంది. తిరగేసి ఉంటే మాత్రం చదువుకు సంబంధించిన ముక్క వరకే వాడుకోవచ్చా అని పైన అడగండి.

ఇంటికి కబురు

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత బాధపడతారు. ముందురోజు సాయంత్రమే క్లాసు గ్రూపుల్లో ఒక మెసేజ్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"తల్లిదండ్రులకు నమస్కారం. రేపు 11 గంటలకు 6 నుంచి 10వ తరగతి పిల్లలకు చదువు, పరీక్షల గురించి ఒక సందేశం చూపిస్తున్నాం. విద్యాశాఖ ఆర్డరు కాపీ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. మీ పిల్లలు చూడొద్దు అనుకుంటే క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి, ఆ సమయంలో లైబ్రరీలో చదువుకుంటారు. పాఠాలు, మధ్యాహ్న భోజనం మామూలుగానే ఉంటాయి."

ఇందులో పొగడ్త లేదు చూడండి. "మన ప్రియతమ", "మహానేత" లాంటి మాటలు పెడితే అక్కడే సగం ఊరు చేజారిపోతుంది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చైర్‌పర్సన్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఆమె మహిళా సంఘం మనిషి, ఆమెకు తెలిస్తే ఊళ్లో పది ఇళ్లకు సరైన సంగతి చేరుతుంది. గ్రూపులో లేని తల్లిదండ్రులూ ఉంటారు. పాలమూరు వైపు చాలామంది ముంబైలోనో, పుణేలోనో, హైదరాబాద్ సైట్ల మీదనో ఉంటారు, ఇంటి దగ్గర అవ్వ, తాత. వాళ్లకు పిల్లలతోనే నోటిమాటగా చెప్పించండి.

ఒకాయన వస్తాడు తప్పకుండా. "సారూ, మా పిలగాన్ని గా టీవీ ముందట కూసోవెట్టకుండ్రి" అంటాడు. వాదన పెట్టుకోవద్దు. "సరే అన్నా, లైబ్రరీల కూసుంటడు, గాయింత సేపే కదా" అనండి, అయిపోతుంది. ఇలా అడిగేవాళ్లు నలుగురైదుగురికి మించి ఉండరు. కానీ అడగొచ్చు అని తెలిస్తే మిగతావాళ్లకు కోపం తగ్గుతుంది, బలవంతం అనే మాట నిలబడదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా, గౌరవంగా నిలబడ్డందుకు బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. జాతీయగీతం విషయంలోనే అలా అన్నాక, ఒక నాయకుడి వీడియో చూడనన్న పిల్లాడిని మనం ఏమంటాం? లైబ్రరీకి వెళ్లిన పిల్లల పేర్లు విడిగా రాసిపెట్టుకోవద్దు, అటెండెన్స్ మామూలుగా వేయండి. తర్వాత క్లాసులో "ఏమిరా, నువ్వు ఆ పార్టీనా" అని జోకులేసే టీచర్ ఒకరుంటారు ప్రతి స్టాఫ్ రూములో. ఆయనకు ముందే చెప్పండి.

ఆ రోజు

డిజిటల్ ప్యానెల్ ఉంటే పొద్దున్నే పెట్టి చూడండి, సౌండ్ వెనక బెంచీ దాకా వినిపిస్తుందా అని. మూడు వందల మందిని ఒక్క గదిలోకి తోసి, ముందు నలభై మందికి కనబడి, వెనక వాళ్లు ఒకరినొకరు గిల్లుకుంటూ ఉంటే అది సందేశం కాదు, శిక్ష. రెండు మూడు గదుల్లో విడదీయండి. ఐదో తరగతి లోపు వాళ్లను వదిలేయండి, వాళ్లకు ఇది పట్టదు.

ప్రసంగం హిందీలో ఉంటే ఇంకో చిక్కు. మన పల్లె బడుల్లో పదో తరగతి పిలగాడికి కూడా గంటసేపు హిందీ వినే ఓపిక, పట్టు తక్కువ. రికార్డు అయితే ఐదు నిమిషాలకోసారి ఆపి తెలుగులో రెండు మాటల్లో చెప్పండి. చెప్పేటప్పుడు మన రంగు కలపకుండా, ఆయన అన్నదే చెప్పండి. మనకు నచ్చిన నాయకుడైతే గొంతు ఎలా పెరుగుతుందో, నచ్చనివాడైతే పెదవి ఎలా వంకర పోతుందో పిల్లలు టక్కున పట్టేస్తారు. కిందటి క్లాసులో లెక్క అర్థం కాకపోయినా ఇది మాత్రం అర్థమవుతుంది వాళ్లకు.

భోజనం బెల్ దాటనివ్వొద్దు. ఇది రాజకీయం కంటే ముఖ్యమైన విషయం. లైవ్ ఆలస్యమై మధ్యాహ్నం అయితే, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు కూర్చుని ఉంటారు, వంట చేసే అక్క గిన్నెలు దించి ఎదురుచూస్తూ ఉంటుంది, అన్నం చల్లారుతుంది. టీవీ ఆపి అన్నం పెట్టండి. ప్రొఫార్మాలో రాయండి, భోజన సమయం కాబట్టి మిగతాది తర్వాత చూపించాం అని.

జై కొట్టించవద్దు, చప్పట్లు కొట్టమని చెప్పొద్దు, వాళ్లకై వాళ్లు కొడితే కొట్టనివ్వండి. ఊరి నాయకులెవరైనా మేమూ కూర్చుని చూస్తాం అంటే మర్యాదగా ఆఫీసు రూములో చాయ్ ఇప్పించండి, కండువాతో పిల్లల మధ్య మాత్రం కుర్చీ వేయొద్దు. సర్పంచ్ సాబ్ ఫీలవుతాడు నిజమే, ఆగస్టు 15కు ఆయనకు ఎలాగూ స్టేజీ మీద కుర్చీ ఉంటుంది.

ఫొటోలు. అప్‌లోడ్ చేయమంటారు కాబట్టి తీయాలి, కానీ పిల్లల వెనక నుంచి తీయండి, ముఖాలు కనబడకుండా. ఒక బడిలో చూశాను, పిల్లలు ప్యానెల్ వైపు చూస్తుంటే సార్ ముందుకొచ్చి "ఇటు చూడండి, ఇటు చూడండి, చెయ్యెత్తండి" అని అందర్నీ కెమెరా వైపు తిప్పాడు. వెనక తెర మీద పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్కరూ వినడం లేదు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

నాయకుల ఫొటోల సంగతికి వస్తే, నోటు పుస్తకాల మీద, బ్యాగుల మీద ఉన్నవాటి గురించి కూడా తల్లిదండ్రులు అడుగుతుంటారు. తమిళనాడులో 2021లో ప్రభుత్వం మారాక, పాత ముఖ్యమంత్రుల బొమ్మలున్న స్కూలు బ్యాగుల్ని కొత్త ముఖ్యమంత్రి స్టాలిన్ పారేయనీయకుండా పిల్లలకే ఇచ్చేయమన్నారు. బ్యాగు బ్యాగే కదా. మన ఊళ్లో ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పి వదిలేయండి.

అయిపోయాక పిల్లలతో ఏం చేయించాలి

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. నాయకుడికి కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం, నాయకుడి బొమ్మ గీయడం, "నాకు నచ్చిన నాయకుడు" వ్యాసరచన, ఇవి వద్దు. వ్యాసరచన అనగానే యూట్యూబ్ చూసి ఎక్కించే పిల్లలుంటారు, గోడకు అంటిస్తే ఊరు చదువుతుంది.

బదులుగా, ఒక తెల్ల కాగితం ఇచ్చి, మార్చి నాటికి నేను ఏ సబ్జెక్టులో ఎక్కడ ఉండాలనుకుంటున్నాను, దానికి రోజూ ఏం చేస్తాను, అడ్డమేమిటి అని రాయమనండి. మూడో ప్రశ్నే అసలుది. "మంచి మార్కులు తెచ్చుకుంటాను" అని అందరూ రాస్తారు, అడ్డమేంటో రాయమంటే నిజాలు వస్తాయి. ఇంట్లో ఒకటే రూము, తమ్ముణ్ణి చూసుకోవాలి, పత్తి ఏరే కాలంలో బడి తప్పుతుంది, బస్సు ఆరున్నరకు వెళ్లిపోతే స్పెషల్ క్లాసుకు ఉండలేను. టీవీలో పెద్దాయన "అమ్మానాన్నలతో మనసు విప్పి మాట్లాడండి" అంటాడు, కల్వకుర్తి వైపు పిల్లాడికి అమ్మానాన్న ఇద్దరూ పుణేలో ఉంటారు, ఫోన్ రాత్రి పది తర్వాత వస్తుంది, అప్పటికి వీడు నిద్రపోయి ఉంటాడు. ప్రోత్సాహపు మాటలు అందరి ఇళ్లకూ ఒకేలా సరిపోవు. ఆ తేడా గురించి క్లాసులో మాట్లాడితే అదే అసలు పాఠం, దాంట్లో ఏ పార్టీకీ చోటు లేదు.

ఆ కాగితాలు కవర్లో పెట్టి పేరు రాయించి దాచండి, ఫిబ్రవరిలో తిరిగి ఇవ్వండి. 2009 నాటి అమెరికా కాగితంలో కూడా ఈ ఆలోచన ఉంది, ఉత్తరాలు తీసి ఉంచి తర్వాత ఎప్పుడైనా పిల్లలకే తిరిగి ఇవ్వాలని. గొడవలో మంచి ముక్క కూడా కొట్టుకుపోయింది. పైకి మాత్రం ఆ కాగితాలు పంపొద్దు, ఎవరైనా శాంపిల్స్ అడిగినా పేర్లు తీసేసి రెండు మూడు చాలు.

పిల్లలు నాయకుణ్ణి అడగాలనుకునే ప్రశ్నలు కూడా రాయించొచ్చు, కానీ వడపోయకండి. మా వైపు అయితే ఒకడు మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లతో మా తాత కాళ్లు వంకరయ్యాయి, మీరు తాగే నీళ్లు ఎక్కడివి అని అడుగుతాడు. ఒకమ్మాయి మా బడి బాత్రూంలో నీళ్లెందుకు రావని అడుగుతుంది. ఈ ప్రశ్న ఏ పార్టీదీ కాదు, ఏ ప్రభుత్వానికైనా చెల్లుతుంది. రాజ్యాంగం 51-ఏ లో శాస్త్రీయ దృష్టి, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని ఉంది, సోషల్ పుస్తకంలో మనమే చెబుతాం. చెప్పి, ఒక పిల్ల నిజంగా ప్రశ్న అడిగితే "కూర్చో" అంటే ఎలా? బాత్రూం ప్రశ్నను మాత్రం హెచ్.ఎం. సొంతంగా తీసుకుని కమిటీ మీటింగులో పెట్టాలి, పెద్దాయన దాకా పోనక్కర్లేదు అది.

"సార్, మీరే పార్టీ?" అని అడుగుతారు, తప్పదు. "నేను ఓటేస్తాను, ఎవరికో చెప్పను, నీకు పద్దెనిమిదేళ్లు వచ్చాక నువ్వూ చెప్పకు" అంటే నవ్వేస్తారు. ప్రభుత్వ ఉద్యోగులం, 1964 ప్రవర్తనా నియమాలు మనకు ఉన్నాయి, పార్టీల ఊసు మనకొద్దు. క్లాసులో ఒకడు ఆ నాయకుణ్ణి తిడితే? "ఆయన చెప్పిన దాంట్లో ఏ మాట నచ్చలేదో చెప్పు" అనండి. మాటకు తిడితే చర్చ, మనిషిని తిడితే ఆపండి. పొగిడితే కూడా అంతే, ఏ మాట నచ్చిందని అడగండి. రెంటికీ ఒకే కొలత ఉంటే మీ మీద ఎవరూ వేలెత్తలేరు. అబ్దుల్ కలాం దేశమంతా తిరిగి పిల్లలతో ఎన్ని ప్రతిజ్ఞలు చేయించారో లెక్కలేదు, పెద్దగా గొడవైన గుర్తు నాకు లేదు. ఆయనకు ఓట్లతో పని లేదు, అదే కారణం. ఓట్లతో పని ఉన్నవాళ్ల మాట వచ్చినప్పుడు ఆ తేడాను మనం పూడ్చాలి.

అయినా గొడవ అయితే

ఫోన్‌కు గొట్టం తగిలించుకుని యూట్యూబ్ ఛానల్ తమ్ముడు వస్తాడు. కెమెరా ముందు అభిప్రాయాలు చెప్పొద్దు. "శాఖ ఆర్డరు ప్రకారం చూపించాం, ఇష్టం లేనివాళ్లకు వేరే ఏర్పాటు చేశాం, మిగతా వివరాలు పై అధికారులు చెబుతారు" ఈ ఒక్క వాక్యమే, మళ్లీ అడిగినా ఇదే. పిల్లల్ని మైకు ముందు నిలబెట్టనివ్వకండి. "పాపా, నీకు సారు బలవంతంగ చూపించిండా?" అని అడిగితే ఆ పాప ఏం చెప్పినా తప్పే అవుతుంది. గేటు లోపలికి అనుమతి లేదని మొహమాటం లేకుండా చెప్పండి.

ఊరి గ్రూపులో జవాబివ్వాలని చేతులు దురద పెడతాయి. ఆర్డరు కాపీ, ముందురోజు మీరు పెట్టిన మెసేజ్, ఈ రెండు ఫొటోలు పెట్టి ఊరుకోండి. మూడో మెసేజ్ పెట్టారా, తెల్లారేదాకా మీరే సమాధానాలు చెప్పుకోవాలి. ధర్నా అంటూ పదిమంది వస్తే ఇద్దర్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఆ వీడియో వాళ్లకే మొత్తం చూపించండి. చాలామంది అప్పటిదాకా చూసి ఉండరు. పది నిమిషాలకే వాళ్లు ఆవలిస్తారు.

ఆర్డరు, మెసేజ్ స్క్రీన్‌షాట్, చూపించిన టైము, ఎన్ని గదులు, భోజనం ఎప్పుడు పెట్టారు, అంతా ఒక ఫైల్లో పెట్టండి. మారేది నాయకుడే, ఆర్డరు మళ్లీ వస్తుంది, అదే ఫైలు పనికొస్తుంది.

పేరెంట్స్‌కు, పార్టీ తమ్ముళ్లకు రెండు ముక్కలు

మీకు అభ్యంతరం ఉంటే ఉండొచ్చు, అడగండి. కాకపోతే అడిగే ముందు ఆ సందేశం మీరు ఒకసారి చూడండి, తర్వాత పిల్లలతో ఏం రాయించారో నోటుబుక్కు తెరిచి చూడండి, నిజంగా పట్టుకోవాల్సింది అక్కడే దొరుకుతుంది. మీ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు మీ నాయకుడి వీడియో చూపించమని ఫోన్ చేసింది మీరే అయితే మాత్రం ఈసారికి గేటు దగ్గరికి రాకండి, సార్లకు గుర్తుంటుంది. ప్రేయర్ టైములో నినాదాలు వద్దు, చిన్నపిల్లలు భయపడతారు. హెచ్.ఎం. దగ్గర తేలకపోతే ఎం.ఈ.ఓ., అక్కడా కాకపోతే డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీలో నాయకుడి గురించి రెండు పేజీలు రాయకుండా, ఏ తేదీన, ఏ క్లాసులో, ఎవరి ఆర్డరు మీద, పిల్లలతో ఏం చేయించారు అన్నది నాలుగు లైన్లలో రాయండి. ఆర్డరు కాపీ జతచేస్తే మంచిది, హెచ్.ఎం. టేబుల్ మీద ఆ ఫైలు ఉంటుంది, అడిగితే ఇస్తారు.